పక్కచూపుల మాస్టారు

యూనివర్సిటీలో మాకు ఖగోళశాస్త్రం చెప్పే ఆయనకు పిల్లలు పెట్టిన పేరు పక్కచూపుల మాస్టారు.

"పరీక్ష హాల్లో పక్కచూపులు చూస్తే బయటికి పంపిస్తా. టెలిస్కోపు దగ్గర చూడకపోయినా పంపిస్తా," అనేవారు.

మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమైపోతుంది. చూపు కాస్త పక్కకు జరిపితే కనిపిస్తుంది. రెండేళ్లయినా నాకది పట్టుబడలేదు.

"నువ్వు మొండిఘటానివమ్మా! అలా గుడ్లప్పగించి చూస్తే ఏం కనబడుతుంది?" అని విసుక్కునేవారు.

ఈ ఉదయం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాస్టారు బస్సులో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. సంచిలో ఆయన దిద్దుతున్న నా థీసిస్ ఉంది, అట్టమీద నా నంబరుంది. ఒంటరి మనిషి, పిలవడానికి ఇంకెవరూ లేరు.

మార్చురీ ఉద్యోగి ముఖంమీది గుడ్డ తొలగించాడు. నాకు ఏడుపు రాలేదు. అసలేమీ రాలేదు. ఎదురుగా గోడకు పెచ్చులూడిన చోటును చూస్తూ నిలబడ్డాను.

"అటెక్కడో చూస్తారేంటమ్మా? సరిగ్గా చూసి చెప్పండి. మీవాళ్లేనా?"

"మావాళ్లేనండి," అన్నాను, గోడమీంచి చూపు తిప్పకుండా. "ఇలా చూస్తేనే కనిపిస్తున్నారు."