అధ్యక్షురాలి దండ

"వరాలమ్మగారూ, మెడ కాస్త వంచండి" అని కేకేసింది కొంగ.

వరాలమ్మ గేదె. తామరపూల రక్షణ సంఘానికి అధ్యక్షురాలు. ఎప్పుడు చూసినా లోతుగా ఆలోచిస్తూ ఉంటుందని అందరూ కలిసి ఎన్నుకున్నారు. కొంగ కార్యదర్శి. ప్రతి సభకీ ముందు అధ్యక్షురాలికి తామరపూల దండ వెయ్యడం వాళ్ల ఆనవాయితీ.

ఒకప్పుడు పొద్దున్నే చూస్తే వాళ్లుండే చెరువులోకి గులాబిరంగు మబ్బు దిగినట్టుండేది. ఇప్పుడు ఒక్క మొగ్గ మిగిలింది. దాన్ని కావలించుకుని ఓ చిన్న కప్ప కూర్చుంది.

"లేమ్మా, దండకి పువ్వు కావాలి" అంది కొంగ.

"ఇదీ కోసేస్తే ఇంక దేన్ని రక్షిస్తారండీ?" అంది కప్ప.

"అదే సభలో చర్చిస్తాం. దండ వెయ్యకుండా సభ ఎలా మొదలెడతాం?"

కప్ప కళ్లనిండా నీళ్లతో వరాలమ్మ వైపు తిరిగింది. "మీరైనా చెప్పండమ్మా. సభ జరిగినంతసేపూ దవడలాడిస్తూ ఆలోచిస్తారు కదా, ఈ పూల గురించే కదా?"

వరాలమ్మ దవడ ఆగిపోయింది. తల దించుకుంది.

"ఆలోచన కాదే తల్లీ" అంది మెల్లగా. "పోయినసారి వేసిన దండ నెమరేస్తున్నాను."