మూడో ఊళ్ళో ఖాళీ రోజు

"కోట ఉన్న ఊరు వద్దని ఆవిడకి నువ్వే చెప్పమ్మా. ఆ మోకాళ్ళతో అన్ని మెట్లు ఎక్కలేదు," అన్నాడు టైలరు ట్రావెల్స్ ఆఫీసులో అమ్మాయితో, పక్క కుర్చీలోని భార్య వైపు చూడకుండా.

"పడవెక్కితే కళ్ళు తిరిగే మనిషికి సముద్రం ఉన్న ఊరెందుకో ఆయన్నీ అడుగు," అంది ఆమె.

ఆ అమ్మాయి నవ్వింది. "పక్కపక్కనే కూర్చుని, మధ్యలో నేనెందుకు అంకుల్?"

"ఇంట్లో మా అమ్మాయితో చెప్పించి చెప్పించి అలవాటైపోయింది. అది మొన్నే హాస్టలుకి వెళ్ళింది. ఈ టూరూ దాని పోరు మీదే."

"మొదటిసారి పరాయి దేశం, అందులోనూ ఐదూళ్ళు. అందుకే మన భాష వచ్చిన గైడుని పెట్టాను, పొద్దస్తమానం మీ వెంటే ఉంటాడు. మూడో ఊళ్ళో మాత్రం ఒక రోజు ఖాళీ. ఆ రోజు గైడు రాడు. మీరిద్దరే కబుర్లు చెప్పుకుంటూ హాయిగా తిరగొచ్చు."

"వద్దు," అన్నాడు టైలరు.

"వద్దు," అంది ఆమె, అదే క్షణంలో.

పొద్దుట్నుంచీ ఇద్దరికీ ఒక్క మాట కుదరడం అదే మొదలు. అమ్మాయి చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

టైలరు మెల్లగా భార్య వైపు తిరిగాడు. తన బెదురే ఆమె కళ్ళలోనూ కనిపించింది.

ఆమె అమ్మాయి వైపు తిరిగింది.

"ఆ రోజు కూడా గైడు కావాలంటున్నారమ్మా ఆయన."