నలభై వేలల్లో ఒకడు

నలభై వేల మందిలో ఒక్కడికి మాత్రమే ఆ నెత్తురు సరిపోతుందని కంప్యూటర్ చెప్పింది. ఆ ఒక్కడూ చెవిటికల్లు ఊరి దిలీపేనని పోలీసులు చెప్పారు.

పరిటాల దాటాక హైవే పక్కన ఆగి ఉన్న కారులో వరప్రసాదరావు శవం దొరికి ఏడాదైంది. పొలాల బేరాలు కుదిర్చేవాడు. పగిలిన కారు అద్దం మీద చంపినవాడి నెత్తురు అంటుకుని ఉంది. ఏటి ఒడ్డు పొలం విషయంలో దిలీప్ అంతకుముందే జగ్గయ్యపేట రిజిస్ట్రారాఫీసు దగ్గర పదిమంది చూస్తుండగా వరప్రసాదరావు చొక్కా పట్టుకున్నాడు. పోలీసులకి ఇంకేం కావాలి?

2007లో కేసు విచారణకొచ్చింది. డీఎన్‌ఏ రిపోర్టు నకలు నాగశ్రీ చేతికొచ్చింది. ఆమె నందిగామ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. అలాంటి లెక్క విప్పి చూడగలిగినవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

దిలీప్ తల్లి రాఘవమ్మ మొదటి బస్సుకే వచ్చి వసారాలో కూర్చుంది. ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

“వాడు కోపిష్టేగానీ మనిషిని చంపేవాడు కాదమ్మాయ్. ఆ మిషను అబద్ధం చెబుతోందని నువ్వే తేల్చాలి.”

“అబద్ధమో నిజమో నాకింకా తెలీదు. పరీక్షపెట్టి చూడాలి. ఏం తేలితే అదే చెబుతా. తర్వాత నన్ననకూడదు.”

“ఎందుకంటాను తల్లీ? నిజం బయటికొస్తే చాలు.”

డిఫెన్సు లాయరు ఉమాకాంతం తంటాలుపడి, ఆ లెక్క వేసిన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడానికి కోర్టు అనుమతి తెచ్చాడు. దాన్ని తయారుచేసిన కంపెనీ అయిష్టంగానే సీడీ పంపింది. నాగశ్రీ కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుంది.

ముందుగా జవాబు తెలిసిన లెక్కలిచ్చి చూసింది. ఒక్కటీ తప్పు పోలేదు. దిలీప్ లెక్క కాగితం మీద స్వయంగా చేసింది. నలభై వేలే వచ్చింది. రాఘవమ్మకి ఏం చెప్పాలో తోచలేదు.

అప్పుడు తట్టింది. నలభై వేల మంది సరే, ఎలాంటి నలభై వేల మంది?

నెత్తురు ఎండకి చెడిపోయి, ల్యాబు వాళ్లు చదవగలిగింది నాలుగు డీఎన్‌ఏ గుర్తులే. లోకంలో అందరూ ఒకరికొకరు ఏమీ కానివాళ్లే అన్నట్టు ఆ ప్రోగ్రాము లెక్క వేసుకుంటూ పోయింది.

ఆమె కంప్యూటర్‌లోనే వేల జంటల్ని సృష్టించింది. ఒక్కో జంటకి ఇద్దరేసి కొడుకుల్ని ఇచ్చింది. దాదాపు ప్రతి నలభై ఇళ్లలో ఒక ఇంట అన్నదమ్ములిద్దరి గుర్తులూ నాలుగుకి నాలుగూ కలిసిపోతున్నాయి. అయినా ప్రోగ్రాము మాత్రం ‘నలభై వేలల్లో ఒకడు’ అనే అంటోంది.

కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదట్నుంచీ నడిపింది. అదే జవాబు.

తప్పు దొరికినందుకు సంతోషించాలి. ఆ కాగితాలు మడిచి బ్యాగు అడుగున దాచుకుంది.

ఇంట్లో భోజనాల దగ్గర భర్త తిరుపతిరావు తనంతట తనే అడిగాడు. “ఏమైనా తేలిందా?”

“తేలింది. వాళ్ల లెక్కలో అన్నదమ్ముల ఊసే లేదండీ. వాళ్లని కలిపితే నలభై వేలు కాస్తా నలభైకి దిగిపోతోంది.”

తిరుపతిరావు చెయ్యి కంచంలో ఆగింది.

“ఆ సంగతి కోర్టులో చెప్పక తప్పదా?”

“అడిగితే చెప్పాలిగా.”

“చచ్చినవాడి మనుషులు మంచోళ్లు కాదు. మన పిల్ల యశస్వి పదో తరగతి చదువుతోంది. ఈ గొడవలో మనం తలదూర్చడం దేనికి? ఒంట్లో బాలేదని కబురు పంపెయ్.”

“అవతల దిలీప్ ఏడాదిగా జైల్లో మగ్గుతున్నాడండీ.”

“పోలీసులు ఊరికే పట్టుకుంటారా?” అని కంచంలో చెయ్యి కడిగేసి వీధిలోకి వెళ్లిపోయాడు.

వాయిదా రోజు కోర్టు మెట్ల దగ్గర ఉమాకాంతం ఆమెను పక్కకి పిలిచాడు.

“ఇప్పటికైనా మించిపోయింది లేదమ్మా. మీరు వద్దంటే పిలవను. ఇంకేదో దారి చూస్తా.”

“ఇంకో దారి ఉందాండీ?”

ఆయన చేతిలో ఫైలు తెరిచి మళ్లీ మూశాడు.

“పిలవండి,” అంది నాగశ్రీ.

బోనులో దిలీప్ సగానికి సగమైపోయి ఉన్నాడు. వెనక బెంచీల్లో రాఘవమ్మ చేతులు జోడించుకుని కూర్చుంది. వద్దు వద్దంటూనే తిరుపతిరావు కూడా వచ్చాడు.

నాగశ్రీ చెప్పాల్సినదంతా చెప్పింది. ప్రభుత్వ ప్లీడరు లేచాడు.

“అయితే నలభై వేలన్నది తప్పంటారు?”

“తప్పు కాదండీ. బయటివాళ్ల మధ్య అయితే సరైన లెక్కే. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ల దగ్గర మాత్రం అది చెల్లదు. ఆ సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు.”

“ఇంత పెద్ద కంపెనీకి తెలీనిది మీకు తెలిసిందా?”

జడ్జి గారు చెయ్యెత్తి ప్లీడరును ఆపారు. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు వైపు తిరిగారు.

“ఈవిడ చేసిన పరీక్ష మీరెప్పుడైనా చేశారా?”

“లేదండీ... ఆ అవసరం వస్తుందనుకోలేదు.”

హాలంతా గుసగుసలు. దిలీప్ మొదటిసారి తలెత్తాడు. రాఘవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

జడ్జి గారు కాసేపు ఏదో రాసుకున్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇంతకీ ఈ ముద్దాయికి తోడబుట్టిన మగవాళ్లెవరైనా ఉన్నారా?”

ప్లీడర్లిద్దరూ కాగితాలు తిప్పుతున్నారు.

“ఒక్క అన్న ఉన్నాడండీ,” అంది నాగశ్రీ, వెనక బెంచీల వైపు చూడకుండా, “మా ఆయనే.”