తియ్యి కాకా

బరువుల బార్ ఛాతీకి జానెడు పైన ఆగిపోయింది. ఇక పైకి పోదు. దించితే లేవదు.

“తియ్యి కాకా!” అని అరిచింది కల్యాణి.

తల వెనుక నిలబడ్డ ఓదెలు కదల్లేదు. ఆయన చేతులు బార్‌కు బెత్తెడు దూరంలోనే ఉన్నాయి. కళ్లు మాత్రం ఆమె మోచేతుల మీద ఉన్నాయి. చుట్టూ మరమగ్గాలు టకటకా ఆడుతున్నాయి.

“సచ్చిపోత కాకా! తియ్యి!”

ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైప్రాణాలు పైనే పోయాయి కల్యాణికి. భయంతో మడమలు నేలను తన్నాయి. ఆ తన్నుకు నడుము బిగిసి, బార్ వణుక్కుంటూ పైకి వెళ్లి కొక్కేల్లో పడింది.

“మంచిగున్నది. ఇంకోటి!” అన్నాడు ఓదెలు, షెడ్డంతా అదిరేలా.

కల్యాణిది గంభీరావుపేట. తండ్రి ఎల్లేశం తాళ్లెక్కి కల్లు గీస్తాడు. బెంచ్ ప్రెస్‌లో చుట్టుపక్కల ఆమెను మించిన పిల్ల లేదు. ఇంకా పైకి పోవాలంటే సిరిసిల్లలో ఓదెలు ఒక్కడే దిక్కన్నారు అందరూ. ఒకప్పుడు పతకాలు తెచ్చినవాడు. ఇప్పుడు సాంచాలు, అదే మరమగ్గాలు, నడుపుకుంటూ ఆ షెడ్డులోనే ఓ మూల బెంచి వేసుకున్నాడు.

ఆయన తర్ఫీదు పగవాడికి కూడా వద్దు. బార్‌ను ఛాతీ మీదికి దించి, ఊపిరి బిగబట్టి, ఆయన “ప్రెస్” అనేదాకా ఉండాలి. ఎప్పుడంటాడో ఆయన దయ. ఒక రోజు ఆమె ఎత్తలేని బరువు వేసి, మెల్లగా దించడం మాత్రమే చేయిస్తాడు. మరో రోజు పాత సాంచె చెక్కను ఛాతీ మీద పెట్టి, బార్‌ను దాని మీదికి దించి నెట్టమంటాడు. బరువంటే చేతికి భయం పోవాలట. చేతి సంగతేమో గానీ, బస్సు సిరిసిల్ల చేరుతుంటేనే కల్యాణికి దిగకుండా అదే బస్సులో వెనక్కి పోవాలనిపించేది.

షెడ్డులో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఆ చప్పుడులో మరో దారి లేదు. కల్యాణికీ అదే అలవాటైంది. ఎదురుగా నిలబడి అడిగితే ఓదెలు దేనికైనా ఓపిగ్గా జవాబిచ్చేవాడు. ఆమె బెంచి మీద పడుకుందంటే చాలు, రాయైపోయేవాడు.

చప్పుడుకు వినబడటం లేదేమోనని మొదట్లో సరిపెట్టుకుంది. ఆ ఆశా ఒకరోజు పోయింది. బార్ ఛాతీ మీద ఉండగా కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో “తియ్యి కాకా” అని ఆమె పెట్టిన కేకకు పక్క షెడ్డు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఓదెలు మాత్రం కన్నార్పలేదు. చివరికి ఏడుస్తూ తనే ఎత్తుకుంది.

మరోసారి మణికట్టు మెలిపడింది. నోరు పెగల్లేదు. అప్పుడు మాత్రం రెప్పపాటులో బార్ ఆయన చేతుల్లో ఉంది.

కల్యాణి లేచి ఆయనకు ఎదురుగా నిలబడింది. “మొత్తుకుంటె తియ్యవు. మొత్తుకోకుంటె తీస్తవు. ఏంది కాకా గిది?”

“నోటికి భయముంటది బిడ్డా. మోచెయ్యి అబద్ధం చెప్పది. నేను దాన్నే చూస్త.”

ఆ రోజుతో ఆమెకు ఒక సంగతి అర్థమైంది. కాకా అన్నీ వింటాడు. విని కూడా రాలేదంటే, తనలో ఇంకా బలం ఉన్నట్టే. భయం పోలేదు. కానీ ఆ భయానికి ఆనుకోవడానికి ఒక గోడ దొరికింది.

పోటీలు జగిత్యాలలో జరిగాయి. ఎనభై కిలోలు ఎత్తితే జాతీయ పోటీలకు పోవచ్చు. రెండుసార్లు తప్పింది. మిగిలింది ఒక్క అవకాశమే.

“ఆఖరి ప్రయత్నం, కల్యాణి, సిరిసిల్ల!” అని మైకులో పిలిచారు. ఓదెలు భార్య సరోజన ఆయన భుజం తట్టింది. ఆయన కల్యాణి వైపు తిరిగాడు.

“ఈడ ఎనుక నిలవడేది నేను గాదు. నోరు తెరిచినవంటె ఆళ్లు బార్ పట్టుకుంటరు. పట్టుకుంటె పోయినట్టే.”

ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు. నిజంగా బార్ మీద పడితే?

బార్ ఛాతీకి దిగింది. రిఫరీ ఎంతకీ “ప్రెస్” అనడు. అన్నాడు. నెట్టింది. జానెడు లేచి ఆగింది. అదే చోటు. కేక పళ్లదాకా వచ్చింది. వెనుక మనిషి చేతులు ముందుకు కదలడం కనిపించింది.

రోజూ కాకా విన్నాడు, అనుకుంది. విని కూడా రాలేదు.

నోరు మూసుకుంది. మడమలు నేలను తన్నాయి. బార్ కదిలింది. మెల్లగా, మెల్లగా, చేతులు నిటారయ్యాయి.

ఎత్తింది చెల్లిందని మూడు తెల్ల లైట్లూ వెలిగాయి.

కిందికి దిగేసరికి సరోజన ఆమెను వాటేసుకుంది. కాస్త దూరంలో అటు తిరిగి నిలబడి, ఓదెలు కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

“కాకా!” అని పిలిచింది కల్యాణి. “ఓ కాకా!”

ఆయన తిరగలేదు. కల్యాణి ఏడుస్తూనే నవ్వింది.

“సూసినవా చిన్నమ్మా, ఈడ గూడ గదే బెట్టు! నేనెంత మొత్తుకున్నా ఇని ఊకున్నడు. గందుకే ఇయ్యాల ధైర్యం జేసిన.”

సరోజన ఆమెను వింతగా చూసింది.

“ముందటికి పోయి మాట్లాడు బిడ్డా, సాంచాల చప్పుడుకు ఆయన రెండు చెవులు నువ్వు రాకముందే పోయినయి.”