పెళ్ళివెన్న

"ముహూర్తం చూడాలా ఏమిటి? ఇప్పుడే తవ్వేద్దాం," అంది హకీమా, గుప్పిట్లో రాయితో ఖుబానీ పళ్ళ గింజలు టపటపా పగలగొడుతూ.

సనావుల్లా గుండెల్లో రాయి పడింది.

"అప్పుడే ఎందుకక్కా? యాభై రెండేళ్ళకి ఊరికొచ్చాను. ముందు ఊరు చూడనీ."

"ఊరెక్కడికి పోతుందిరా? దేశం మారింది గాని ఊరు కదల్లేదు."

నిజమే. పదిహేడేళ్ళ సనావుల్లా స్కర్దూ పట్నంలో చదువుకుంటూండగా డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది. బ్రోక్‌చుల్ ఊరు పాకిస్తాన్‌లో పడుకుని ఇండియాలో లేచింది. ఊళ్ళో ఉన్న అక్క ఇటు, చదువుకెళ్ళిన తమ్ముడు అటు. వీసా చేతికొచ్చేసరికి అతనికి అరవై తొమ్మిది, ఆమెకి డెబ్బై ఆరు.

ఇన్నేళ్ళలో అతనికి చేరిన ఉత్తరాలు ఏడు. ఏడింటి చివరా అక్క ఒకే మాట రాయించింది. 'నీ పెళ్ళివెన్న భద్రం. ఎవర్నీ ముట్టనివ్వలేదు. నువ్వొచ్చాకే తవ్వుతాం.'

ఆ ఊళ్ళో కొడుకు పుట్టిన ఏడాది తల్లి భూర్జ చెట్టు పట్టలో వెన్న చుట్టి పెరట్లో పాతుతుంది. పెళ్ళినాడు పైకి తీసి గోరంత గోరంత ఊరందరికీ పంచుతారు. సనావుల్లా కోసమూ వాళ్ళమ్మ పాతింది. స్కర్దూ బయల్దేరే ముందు, పోలో ఆట గెలిచిన ఊపులో, నలుగురు స్నేహితులతో కలిసి అతనే దాన్ని తవ్వుకు తినేశాడు. బరువు కోసం ఏటిలోంచి ఒక నల్లరాయి తెచ్చాడు. దాని నడుముకి మొలతాడు చుట్టినట్టు తెల్లటి చార ఉండేది. లావు కోసం చుట్టూ గడ్డి కూరి, అదే పట్టలో కట్టి పూడ్చేశాడు. సెలవులకి వచ్చినప్పుడు చెప్పేద్దామనుకున్నాడు.

ఆ సెలవులు రానేలేదు.

ఇప్పుడు చూస్తే గుమ్మం పక్కన పెద్ద బోర్డు: 'తమ్ముడి కోసం ఎదురుచూస్తున్న వెన్న'. హకీమా మనవరాలు ఫిజా రాయించింది. వాళ్ళింట్లో దిగిన టూరిస్టులంతా వెన్న పాతిన మట్టి దిబ్బ పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారట. ఇవాళ తవ్వుతారని తెలిసి సగం ఊరు గోడలెక్కి కూర్చుంది. రాయి బయటపడితే తన పరువు సరే, యాభై రెండేళ్ళుగా ఊరందరికీ చెప్పుకున్న అక్క మాట ఏమవుతుంది?

"ముందు మసీదు చూడాలి," అన్నాడు.

తీసుకెళ్ళింది. చెక్కిన దేవదారు స్తంభాల మధ్య నమాజుకి కూర్చున్నవాడు ఎంతసేపటికీ లేవలేదు.

"అన్ని పాపాలు చేశావట్రా?" అంది అక్క గుమ్మంలోంచి.

"రాజావారి ఇల్లు కూడా..."

"పదండి తాతా," అంది ఫిజా. "ఇప్పుడది మ్యూజియం. రాజావారి మనవడే టికెట్లు చింపుతాడు."

అక్కణ్ణుంచి నీటిమర దగ్గరికి వెళ్ళారు. బక్‌వీట్ పిండి వాసన సోకగానే సనావుల్లా తల దించుకున్నాడు.

"ఇక్కడే కదూ మీ దండు కూర్చుని వేడివేడి రొట్టెలు తినేది?" అంది హకీమా, అతనికో రొట్టె అందిస్తూ. "పాపం, వట్టి రొట్టెలు గొంతు ఎలా దిగేవో!"

అతనికి పొలమారింది.

"నీ పెళ్ళిలో ఏం వడ్డించారురా?"

"డబ్బా నెయ్యి."

"ఛీ! అదీ ఒక పెళ్ళేనా? మా మరదలు మంచిది కాబట్టి కాపురం చేసింది."

"అక్కా, ఆ వెన్న సంగతి నీకొకటి చెప్పాలి."

"ముందు తిను, తరవాత చెబుదువుగాని."

ఇక చూడ్డానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి పెరట్లో ఫిజా పార పట్టింది. సనావుల్లా కళ్ళు మూసుకుని వచ్చిన ఖురాన్ సూరాలన్నీ చదివాడు. రానివి కూడా చదవబోయాడు. "తగిలింది!" అని కేక వినిపించింది. మూట పైకొచ్చింది.

"ఎవరూ ముట్టుకోకండి. నేను విప్పుతాను," అంది హకీమా.

పట్ట చిటపటమంది. ఆ వెంటనే ఘాటైన, కమ్మటి వాసన పెరడంతా కమ్మేసింది. "మాషా అల్లా!" అన్నారు గోడల మీంచి. సనావుల్లా ఒక కన్ను తెరిచాడు. తరవాత రెండోదీ తెరిచాడు.

ముదురు పసుపు వెన్నముద్ద!

అక్క రొట్టెముక్కకి రాసి అతని నోట్లో పెట్టింది. అతని కళ్ళు నీళ్ళతో నిండాయి.

"ఘాటుకా తాతా?" అంది ఫిజా.

"ఘాటుకే."

వెన్న ఊరంతా పంచేసరికి పొద్దు వాలింది. వచ్చినవాళ్ళు మూతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. సనావుల్లా ఒక్కడే అరుగు మీద కూర్చుని ఆలోచిస్తున్నాడు. తిన్నమాట నిజం. పూడ్చినమాటా నిజం. లేకపోతే అదంతా కలగన్నాడా?

హకీమా గింజల బుట్ట తెచ్చుకుని పక్కన కూలబడింది.

"ఏదో చెప్పాలన్నావు?"

"ఏం లేదక్కా. వెన్న చాలా బాగుంది."

"ఉండదూ మరి! ఇదిగో, ఊరికే కూర్చోకపోతే ఈ గింజలు కొట్టు. నువ్వు చదువుకెళ్ళిన ఆ చలికాలం నుంచీ కొడుతూనే ఉన్నాను, చేతులు పడిపోతున్నాయి."

గుప్పిట్లోని రాయి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

దాని నడుముకి తెల్లటి మొలతాడు ఉంది.