నడిచిన హద్దురాయి

అడవి చెరువు గట్టున గవరమ్మ అనే తాబేలు పదమూడు వందల ఏళ్లుగా అంగుళం కదల్లేదు. అది చూసి ముచ్చటపడిన ఏనుగు సర్వేయరు ఆమెనే హద్దురాయిగా నియమించాడు. ఆమె ముందున్నదంతా చెరువు, వెనకున్నదంతా అమ్ముకోదగ్గ నేల.

నక్క గంపెడు నత్తలతో దిగింది. "వదినా, రోజుకో అడుగు ముందుకు జరుగు చాలు. ఎవరైనా అడిగితే తుమ్మి జరిగావంటాను."

నత్తలు ఒక్కోటి గుమ్మడికాయంత ఉన్నాయి. గవరమ్మ జరిగింది. నెల తిరక్కుండా చెరువు చెంబెడైంది, ఆమె వెనక నేలంతా నక్క ప్లాట్లు వేసి అమ్మేసింది.

ఒక ఉదయం ముళ్లపంది తన ప్లాటులో పునాదికి పార ఎత్తింది. సరిగ్గా గవరమ్మ ఇన్నేళ్లూ కదలక కూర్చుని, తన కింద గుడ్లు పాతిపెట్టుకున్న చోట.

"ఆపించు బావా, అక్కడ నా పిల్లలున్నారు," అంది గవరమ్మ.

"నేనెవర్ని వదినా ఆపడానికి? హద్దువి నువ్వు," అని నక్క ఇకిలించింది.

గవరమ్మ నోట్లో నత్తను ఉమ్మేసి వెనక్కి తిరిగింది. ఆ పరుగుకు లేచిన దుమ్ముకి సూర్యుడు దగ్గాడు. గుడ్లు దాటింది, ప్లాట్లు దాటింది, లక్ష కప్పలు కేరింతలు కొడుతూ వెంటరాగా నక్క బొరియ కూడా దాటి చతికిలబడింది. చెరువులో పునాది తవ్వకూడదు గదా, ముళ్లపంది పార కింద పడేసింది.

రొప్పుతూ వచ్చిన నక్కను గవరమ్మ ఆప్యాయంగా పలకరించింది.

"ఈత వచ్చా, బావా?"