ఒక్క మనిషి బరువు

పలక మళ్లీ విరిగింది.

గంగాకిషన్ రెండు ముక్కల్నీ చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది ఆరోది. తిడదామంటే నోట్లో తిట్లు కూడా మిగల్లేదు.

"ఎప్పుడిరిగింది?"

"మధ్యానం దాటినంక," అన్నాడు బామ్మర్ది రాజమల్లు.

"నువ్వొక్కనివే తొక్కినవా?"

"నేనొక్కన్నే బావా. నీ మీద ఒట్టు."

ఆర్మూరులో పెర్కిట్ రోడ్డు మీద రేకుల షెడ్డులో గంగాకిషన్‌ది ప్లాస్టిక్ కార్ఖానా. కార్ఖానా అనేది బోర్డు మీది మాట. ఉన్నది ఒకే ఒక్క మిషను, అదీ బొంబాయిలో వాడి వదిలేసింది. ప్లాస్టిక్ గుళికలను కరిగించి, మురుకుల గొట్టంలోంచి పిండి ఒత్తినట్టు అచ్చులోంచి బయటికి తోస్తుంది. ఇన్నాళ్లూ నీళ్ల పైపులు తీసి పొట్ట పోసుకున్నాడు. పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో పట్నంలోని ఒక దవాఖాన నుంచి ఉత్తరం వచ్చింది. రోగుల్ని మోసే కర్రబల్లలు బరువైపోతున్నాయట, ప్లాస్టిక్‌తో పలకలు చేయగలరా అని.

షరతులు రెండే. పలక నాలుగు కిలోలు దాటకూడదు. ఒక్క మనిషి బరువును వెయ్యిసార్లు ఓర్చుకోవాలి. సోమవారంలోగా నమూనా అందకపోతే ఆర్డరు వేరేవాళ్లకు. అది పోతే కార్ఖానాకు తాళం వేసి, పదేళ్లు చాకిరీ చేసి వచ్చిన బొంబాయి మిల్లుకే మళ్లీ పోవాలి.

బరువు తగ్గాలంటే లోపల డొల్లగా ఉండాలి. పైనొక పొర, కిందొక పొర, మధ్యలో సన్నటి అడ్డగోడలు. గంగాకిషన్ అచ్చును అలాగే చెక్కించాడు. మొదటి పలకను చూసి ఆర్మూరంతా పెదవి విరిచింది. పసుపు కొమ్మును విరిచి, లోపల గట్టిగా ఉంటేనే ధర చెప్పే ఊరది. అక్కడ డొల్ల అన్న మాటే తిట్టు.

"లోపట ఏం లేని సరుక్కు పైసలెవరిస్తరు?" అంది భార్య భాగ్యవ్వ కూడా.

అతను పట్టించుకోలేదు. పలకను రెండు ఇటుకల మీద పెట్టి తనే ఎక్కి తొక్కాడు. కిమ్మనలేదు. కానీ వెయ్యిసార్లు తొక్కే తీరిక ఎవరికుంది? అప్పుడు రాజమల్లు గుర్తొచ్చాడు. ఎవుసం దెబ్బతిని ధర్పల్లి నుంచి అక్క ఇంటికి వచ్చినవాడు, ఈ సీజనులోనే పసుపు మార్కెట్లో గుమస్తాగా కుదిరాడు. పొద్దంతా కుప్పల చుట్టూ తిరుగుతూ ధరలు రాసుకునే పని. కాంటా దగ్గరి మురుగు మోరీని రోజుకు ఎన్నిసార్లు దాటుతాడో! మోరీ మీద జనానికి రాతిబండ ఉంది. దాని పక్కనే పలక వేసుకుని నువ్వొక్కడివే దాటు, ఇంకెవర్నీ కాలు పెట్టనీయకు అని చెప్పి పంపాడు.

మొదటి పలక ఆ పూటే విరిగి వచ్చింది.

గోడలు మందం చేశాడు. విరగలేదు గానీ ఏడు కిలోలు తూగింది. పల్చన చేశాడు. నాలుగు కిలోలకు వచ్చింది, విరిగింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిలువు గోడల్ని వాలుగా మార్చాడు. చల్లారకముందే కుంగిపోతోందేమోనని లోపలికి గాలి ఊదించాడు. పలక చూడముచ్చటగా వచ్చింది. తను ఎక్కితే చెక్కుచెదరదు, మార్కెట్‌కు పోతే సాయంత్రానికి రెండు ముక్కలు!

గుళికల్ని తిట్టాడు. అచ్చు చెక్కినవాణ్ణి తిట్టాడు. ఆరోది కూడా ముక్కలై వచ్చిన ఆ సాయంత్రం మిషన్ను కాలితో తన్ని, కాలికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు.

"ఆడరాక మద్దెల ఓడన్నట్టు, దాన్నెందుకు తంతవు?" అంది భాగ్యవ్వ, తమ్ముడి మెడకు నూనె రాస్తూ. "గీన్ని సూడు. పొద్దంత వంగి రాసి రాసి మెడ వట్టేసింది. ఒక్క మాటన్న అంటడా?"

రాజమల్లు తల దించుకున్నాడు. "బావా, పలక మంచిగనే ఉన్నది. గట్లనే పంపియ్యరాదు?"

గంగాకిషన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇరిగినదాన్ని మంచిగున్నదంటవ్! నీ అసోంటి బక్కపానం తొక్కితెనే గిట్లయితే, రేపు దాని మీద ఒక లావుపాటి రోగి పండుకుంటే?"

రాజమల్లు ఏదో అనబోయి, అక్క వైపు చూసి ఊరుకున్నాడు.

శనివారం ఏడో పలక పంపాడు. పంపాక కాలు నిలవలేదు. బామ్మర్ది అబద్ధమాడడు. కానీ రాతలో తల దూర్చినవాడు పలకకు కాపలా ఏం కాస్తాడు? ఎవడో హమాలీ బస్తాతో సహా తొక్కిపోతున్నాడు. అంతే అయ్యుండాలి. ఆ దొంగను పట్టుకుంటే పలకలో లోపం లేదని తేలిపోతుంది. దానితోపాటే తీసి షెడ్డులో ఉంచిన జోడీ పలకను సాయంత్రం బస్సుకే పట్నం పంపేయవచ్చు.

కుంటుకుంటూ మార్కెట్‌కు పోయి ఓ కుప్ప వెనక నక్కాడు. పసుపు దుమ్ముకు కళ్లు మండాయి. రైతులు, అడ్తీదార్లు, గుమస్తాలు అందరూ బుద్ధిగా రాతిబండ మీదుగానే పోతున్నారు. రాజమల్లు జాడ లేదు. పని ఎగ్గొట్టి చాయ్ తాగబోయినట్టున్నాడని పళ్లు నూరాడు.

అంతలో ఓ హమాలీ వచ్చాడు. వీపు మీద నిండు బస్తా. దాని కింద నడుము సగానికి వంగిపోయి, మొహమే కనిపించడం లేదు. బండ ఖాళీగానే ఉంది. అయినా వాడు అటు పోలేదు. తిన్నగా వచ్చి పలక మీద కాలు పెట్టాడు. పలక కిర్రుమంది.

"దొరికినవ్ రా కొడకా!" గంగాకిషన్ కాలి నొప్పి మరిచి ఒక్క దూకు దూకి బస్తా పట్టుకున్నాడు. "నా పొట్ట గొట్టేటోనివి నువ్వేనా? ఎవ్వని పలక అనుకున్నవ్ రా ఇది?"

హమాలీ కదల్లేదు. బస్తా దించలేదు. దాని కింద నుంచి గొంతు మాత్రం మెల్లగా వచ్చింది.

"అక్కకు జెప్పకు బావా."